రెండు పొయ్యిల పిల్లలు

మా ఊరు తాటిగెడ్డలో రెండు రకాల పిల్లలున్నారు. మామూలు పిల్లలు, రాతపిల్లలు. నేను రాతపిల్లని.

రాతపిల్ల అంటే ఏమిటో పైఊరివాళ్ళకి చెప్పాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని ఒకప్పుడు రూలుండేది. దేశానికి జనం ఎక్కువైపోయారట. మా ఊరివాళ్ళు రూలు మీరే మనుషులు కారు. మూడో బిడ్డ పుట్టగానే, పిల్లల్లేని చిన్నాన్నకో మేనత్తకో కాగితాల్లో రాసిచ్చేసేవారు. బిడ్డ మాత్రం కన్నవాళ్ళింట్లోనే పెరిగేది. అలా రూలూ నిలబడింది, బిడ్డా నిలబడింది, మనిషీ ఎన్నికల్లో నిలబడ్డాడు. నిలబడ్డవాళ్ళంతా గెలిచారని కాదు. మా నాన్న దాలినాయుడు నేను పుట్టాక నిలబడిన ప్రతిసారీ ఓడిపోయాడు. ఓడిపోయిన ప్రతిసారీ నేను చిన్నాన్న కూతుర్నే.

మా ఇల్లూ, చిన్నాన్న గౌరినాయుడి ఇల్లూ ఒకే గోడకి రెండు పక్కల ఉంటాయి. జీపు చప్పుడైతే నేను ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి దూరిపోవాలి. నడక రానప్పుడు పైడమ్మ పిన్ని చంకనేసుకు పోయేదట. వీధిలో నాన్నని పెదనాన్నా అనాలి. ఇంట్లోకొచ్చి తలుపు దగ్గరికేశాక నాన్నా అనొచ్చు. చిన్నప్పుడు ఎక్కడ ఏది అనాలో తడబడి దెబ్బలు తిన్నాను. ఎందుకొచ్చిన గొడవని బయట ఎవరినీ ఏమీ పిలవడం మానేశాను. దమయంతి ఉత్త సిగ్గరి అంటారు ఊళ్ళో. సిగ్గున్నమాట నిజమే. కాని దాన్ని పెంచడంలో ప్రభుత్వం చేసిన సాయం కూడా కొంత ఉంది.

నాకున్న కోరిక ఒక్కటే. నలుగురిలో, పట్టపగలు, "నాన్నా" అని గట్టిగా పిలవాలి. ఆయన పలకాలి. అంతే.

ఈ వేసవిలో ఆ కోరిక తీరే రోజొచ్చిందనుకున్నాను. ఎందుకంటే దేశానికి జనం తక్కువైపోయారట.

ఆ సంగతి మాకు మొదట గోడ చెప్పింది. రేషన్ డిపో గోడ మీద "ఇద్దరు చాలు, ముగ్గురు వద్దు" అని నా పుట్టుకకి ముందు నుంచీ నీలం అక్షరాలతో రాసి ఉండేది. ఒకరోజు పెయింటర్ వచ్చి నిచ్చెన వేసుకుని, గోడంతా సున్నం వేయడం ఎందుకని ఒక్క అక్షరం మార్చి పోయాడు. ఇప్పుడది "ఇద్దరు చాలు, ముగ్గురు ముద్దు". రెండు ప్రభుత్వాల మాటా ఒకే గోడ మీద ఉండిపోయింది. ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకోవచ్చు.

మర్నాడు జీపు వచ్చింది. అలవాటు కొద్దీ రాతపిల్లలందరం గుమ్మాలు మారాం. మా మూడు వీధుల్లో అటూ ఇటూ పాదాల చప్పుడు వినిపించి, జీపులోంచి దిగినాయన సంతోషించాడు. "పిల్లలు చురుకుగా ఉన్నారు" అన్నాడు.

ఆయన జనాభా పునరుజ్జీవన ప్రత్యేకాధికారి. బడి వరండాలో మీటింగు పెట్టి, ఒక చేత్తో మైకు, ఒక చేత్తో కొబ్బరిబొండాం పట్టుకుని మాట్లాడాడు.

"గ్రామ ప్రజలారా! ప్రజలే ప్రగతి. ప్రగతియే ప్రజలు. కావున ప్రజలు తగ్గిన ప్రగతి తగ్గును. వచ్చే సోమవారం ఉదయం తమ గ్రామమునందు జనగణన నిర్వహింపబడును. సదరు గణనలో ఐదు వందలకు ఒక్కరు తగ్గినను, తాటిగెడ్డ గ్రామము గ్రామము కాదని ప్రకటింపబడి సీతంపాడు నందు విలీనము చేయబడును."

సీతంపాడు, వేసవికి ఎండిపోయే మా వాగు గెడ్డకి అవతల ఉంది. వాళ్ళకీ మాకూ మాటల్లేవు, మా హైస్కూలు మాత్రం అక్కడే. అందరూ గొణుక్కున్నారు.

"మేం ఐదొందల మందిమి ఉన్నామేటి బాబూ?" అని ఎవరో అడిగారు.

మా పంచాయతీ సెక్రటరీ ఇంకా పెళ్ళికాని అబ్బాయి. భయపడుతూ లేచాడు. "సుమారుగా ఐదు వందల రెండు సార్, అందరూ కదలకుండా ఉంటే."

"కదలరాదు!" అన్నాడు ప్రత్యేకాధికారి. "మరియొక విషయము. ఇకపై ముగ్గురు సంతానము లేనివారు పంచాయతీ ఎన్నికలకు అనర్హులు. అసలు సంతానమే లేని గృహములకు 'జనాభా నిర్లక్ష్య కుటుంబము' అని ఎర్ర రంగుతో గుమ్మంపై వ్రాయబడును."

మొదటి మాటకి మా నాన్న మొహం వెలిగింది. రెండో మాటకి నా పక్కన కూర్చున్న పిన్ని చెయ్యి నా చేతిని పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో ఊళ్ళో ఆడవాళ్ళు నోటితో అన్న మాటనే ఇప్పుడు గుమ్మం మీద రంగుతో రాస్తారన్నమాట. కాగితాల్లో నేనున్నంతవరకే ఆ గుమ్మం శుభ్రంగా ఉంటుంది.

మీటింగ్ అయ్యాక అధికారులు సన్యాసి తాత ఇంటికి వెళ్ళారు. తాత నెలరోజులుగా మంచం మీద ఉన్నాడు. పైగా పోయినేడు పింఛను లెక్కల్లో చచ్చిపోయాడు. ఎవరో ఎక్కడో తప్పు నొక్కారు. అప్పటి నుంచీ తాత ఆఫీసుకి వెళ్ళి "నాను బతికే ఉన్నాను బాబూ" అంటుంటే, "రుజువు తీసుకురా" అని పంపించేసేవారు.

ప్రత్యేకాధికారి మంచం పక్కన కుర్చీ వేయించుకున్నాడు. "తాతగారూ, శుభవార్త. మీరు సజీవులేనని శాఖాపరంగా నిర్ణయించడమైనది."

తాత కళ్ళు తెరిచాడు. "అయితే పింఛనిస్తారా బాబూ?"

"అది వేరే శాఖ. జనాభా లెక్క వరకే మీరు సజీవులు. సోమవారం మధ్యాహ్నం వరకు దయచేసి ఎటువంటి తొందరపాటు నిర్ణయమూ తీసుకోవద్దు."

"ఆ తరవాత?"

"ఆ తరవాత మీ ఇష్టం. మా అభ్యంతరం ఉండదు."

సెక్రటరీబాబు పాపం పొద్దున్నా సాయంత్రం వచ్చి తాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్ళేవాడు. "ఓరి, నా కొడుకులు కూడా ఇలా సూడ్లేదురా" అని తాత మురిసిపోయి, గ్లాసుడు చోడి అంబలి తాగి, ఆదివారానికల్లా లేచి కూర్చున్నాడు. ఈ మొత్తం పథకం వల్ల బాగుపడింది ఆయనొక్కడే.

గొడవ మా ఇంట్లో మీటింగు జరిగిన సాయంత్రమే మొదలైంది.

"గౌరీ, పిల్లని మళ్ళీ నా పేరు మీదికి రాసీ" అన్నాడు నాన్న, అరుగు మీద కూర్చుని, ఇచ్చిన పార వెనక్కి అడిగినంత మామూలుగా.

చిన్నాన్న ఎప్పుడూ అన్నకి ఎదురు చెప్పడు. ఆవేళ చెప్పాడు. "ఎలా రాస్తానన్నా? బళ్ళో సంతకం పెట్టింది నాను. టీకాలకి తిప్పింది మీ మరదలు."

"టీకాలకి తిప్పితే కూతురైపోద్దేటి? కన్నది నానురా!"

"అలాగా? మరి పోయిన ఎలచ్చన్లో ఆర్డీవో గారు ‘ఈ పాప ఎవరు’ అంటే, ‘మా తమ్ముడి గుంట, నాకేటి తెలీదు బాబూ’ అన్నదెవులు?"

నాన్న తువ్వాలు దులిపాడు. "అది రాజకీయంరా."

"ఇదీ రాజకీయమే" అంది పిన్ని గుమ్మంలోంచి. అంతే అంది. లోపలికెళ్ళి గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది.

అమ్మ ఇద్దరి మధ్యా నిలబడి, "దాన్నడగండి" అంది. అందరూ నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. నేను "నాన్న" అంటే పిన్ని గుమ్మం ఎర్రబడుతుంది. "చిన్నాన్న" అంటే నా కోరిక అక్కడితో సరి. అందుకని నాకు బాగా వచ్చిన పనే చేశాను. ఏమీ మాట్లాడలేదు.

అలా మా ఒక్క ఇంట్లోనే కాదు. వార్డు మెంబరుకి పోటీ చేసిన ప్రతి ఇంట్లోనూ ఒక రాతపిల్ల ఉంది. పదిహేనుమందిమి. నిన్నటిదాకా మమ్మల్ని ఎవరూ తమవాళ్ళని చెప్పుకోలేదు. తెల్లారేసరికి ఒక్కొక్కరికి ఇద్దరేసి తండ్రులు. అందరూ కలిసి ప్రత్యేకాధికారి మీద పడ్డారు. ఆయన బొండాం పక్కనపెట్టి, తన పుస్తకంలోంచి చదివాడు.

"కుటుంబము అనగా ఒకే పొయ్యి మీద వండినది తినువారి సమూహము. రక్తము, కాగితము మొదలగునవి మాకు సంబంధించినవి కావు. సోమవారం ఉదయం నాటికి ఏ బిడ్డ ఏ పొయ్యి మీది తిండి తినుచున్నదో ఆ బిడ్డ ఆ ఇంటిది. ఇది అంతిమము."

అందరూ తలలూపి, పరుగున ఇళ్ళకి పోయి, పొయ్యిలు ముట్టించారు.

ఆ మూడు రోజులు రాతపిల్లలు తిన్న తిండి ఈ జిల్లాలో ఏ పెళ్ళివారూ తిని ఉండరు. పిల్ల అలవాటు పడాలి కదా అని శుక్రవారం నుంచే మొదలుపెట్టారు. అమ్మ నాటుకోడి వండితే, గోడ అవతల పిన్ని చేపల పులుసు పెట్టేది. ఇటు గారెలు వేస్తే అటు బూరెలు. ఎంత కలిసిపోయినవాళ్ళో ఇద్దరూ! పదిహేనేళ్ళుగా ఒకరి దగ్గర ఉప్పు ఒకరు తెచ్చుకుంటూ కూర గోడ మీంచి అందించుకునేవాళ్ళు, ఇప్పుడు ఎవరేం వండుతున్నారో వాసన బట్టి కనిపెట్టుకుంటున్నారు.

"ఒలే, ఇంకొక్క ముద్ద. ఈ ముద్ద నాన్న ముద్ద."

"అక్కడ తిన్నావు, ఇక్కడ తినవేటే? పిన్ని పరాయిదైపోయిందా?"

వద్దంటే ఏ గుమ్మానికి వద్దన్నట్టో! అందుకని రెండు చోట్లా తిన్నాను. మా అక్కా అన్నా పస్తులు లేరు కాని, కోడికాలు వాళ్ళ కంచంలో పడితే అమ్మ తీసి నా కంచంలో వేసేది. "వాళ్ళు ఎలాగూ మనవాళ్ళే" అనేది. కన్నపిల్లలు మమ్మల్ని చూసి ఏడ్చే రోజొస్తుందని ఎవరనుకున్నారు?

మా వెనక వీధి రాతపిల్లవాడు సూరిబాబుకైతే మూడు పొయ్యిలు. వాణ్ణి పుట్టినప్పుడు మేనమామకి రాసిచ్చి, మేనమామ కూడా ఎన్నికల్లో నిలబడేసరికి పెద్దమ్మకి మార్చారు. ఆదివారం సాయంత్రం వాడు గెడ్డ గట్టు మీద వెల్లకిలా పడుకుని, "దమయంతీ, నాకే ఇల్లూ వద్దే. మంచినీళ్ళు సాలు" అన్నాడు.

సోమవారం పొద్దున్నే లెక్క రాయడానికి మా సీతంపాడు హైస్కూలు హైమావతి మేడమ్ ట్యాబ్ పట్టుకుని వచ్చింది. లెక్కలు రాయడం ఉన్నందువల్ల మేడమ్ మాకు లెక్కలు చెప్పడం మానేసి చాలా రోజులైంది. ప్రత్యేకాధికారి వెనకే ఉన్నాడు. పిల్ల ఏ పొయ్యి తిండి తిందో నోటిమాట మీద నమ్మకూడదట. "కుడిచేతి వాసన చూచి నమోదు చేయవలెను" అని ఆర్డరు.

మేడమ్ నా చెయ్యి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "కోడి... కాదు, చేప. సార్, రెండూ ఉన్నాయి."

"ఏది పైన ఉన్నది?"

"చేప పైన, కోడి కింద సార్. మధ్యలో బూరె కూడా..."

"నా కోడే ముందు పడింది!" అని నాన్న.

"ఆఖర్న పడిందే లెక్క!" అని చిన్నాన్న.

ప్రత్యేకాధికారి చెయ్యెత్తి ఏదో ప్రకటించబోయాడు. ఆ లోపల వీధి చివర సూరిబాబు వాంతి చేసుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకరు. వాళ్ళని చూసి నేను. గంటలో పదిహేనుమంది రాతపిల్లలం అరుగుల మీద వరసగా వాలిపోయాం.

నర్సమ్మ పరుగెత్తుకొచ్చి అందరి పొట్టలూ నొక్కి చూసింది. "అమ్మా, ఇది ఎక్కువ తినడం వల్ల" అంది. కాని ఆమె ఫోనులో ఆ జబ్బు లేదట. ఒకే ఊళ్ళో ఒకే రోజు పదిమందికి మించి వాంతులైతే "కలుషిత నీరు" అన్న ఒక్క గడే తెరుచుకుంటుందట. నొక్కింది. నొక్కగానే ఇంకొక శాఖ జీపు వచ్చింది. వాళ్ళు మా ఊరికున్న ఒక్కగానొక్క బోరింగు చేతికి గొలుసు చుట్టి తాళం వేశారు. పిల్లల్ని గెడ్డ అవతల సీతంపాడు ఆసుపత్రికి తరలించాలన్నారు.

"ఆగండి!" అని ప్రత్యేకాధికారి అడ్డం పడ్డాడు. "లెక్క పూర్తి కాకుండా జనాభాను తరలించరాదు!"

"మాది అత్యవసర శాఖ" అన్నాడు రెండో అధికారి. "మీదేమిటి?"

ప్రత్యేకాధికారి తన బొండాం తీసుకుని తప్పుకున్నాడు.

మమ్మల్ని ఎక్కించుకుని జీపు గెడ్డ దాటుతుంటే, హైమావతి మేడమ్ ట్యాబ్ పట్టుకుని మా వెనకే ఇంకో బండిలో వచ్చింది. మనిషి ఎక్కడుంటే అక్కడే రాయాలని ఆమెకి ఆర్డరు. నీళ్ళు లేని ఊళ్ళో ఎలా ఉంటామని అప్పటికే కొందరు బిందెలు పట్టుకుని గెడ్డ దాటేశారు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. తాటిగెడ్డ ఐదు వందలకి చాలా కింద పడిపోయింది. మేం పదిహేనుమందిమి సీతంపాడు జనాభాలో కలిశాం. సెక్రటరీబాబు మా ఊరు ఇక ఊరు కాదని మైకులో చదివి, తన ఉద్యోగం కూడా పోయిందని చదవబోతూ కళ్ళు తుడుచుకున్నాడట. ఊరు లేదు కనక పంచాయతీ లేదు. పంచాయతీ లేదు కనక ఎన్నిక లేదు. ఎన్నిక లేదు కనక ముగ్గురు పిల్లలూ అక్కర్లేదు. ఎర్ర రంగు డబ్బా మూత తీయకుండానే జీపులో వెనక్కి వెళ్ళిపోయింది.

ఇవన్నీ నాకు ఆసుపత్రి మంచం మీద తెలిశాయి. మొదట అనుకున్నది పిన్ని గుమ్మం గురించి. అమ్మయ్య అనుకున్నాను. తరవాత అనుకున్నది నా గురించి. ఇక నన్ను ఎవరూ అడగరు. మళ్ళీ ఎవరికీ అవసరం లేని పిల్లనయ్యాను.

సాయంత్రం అమ్మ, పిన్ని కలిసి వచ్చారు. ఒకే క్యారేజీ తెచ్చారు.

"రెండెందుకు లేవు?" అని పక్క మంచం మీంచి సూరిబాబు అడిగాడు. వాడికి భయం పట్టుకుంది.

"నీళ్ళెక్కడివిరా? రెండిళ్ళకీ కలిపి ఒక్క బిందె" అంది పిన్ని. "ఒక్క పొయ్యి మీదే ఎసరెట్టాం."

అమ్మ మూత తీసి గంజి పోస్తుంటే పిన్ని నా తల కింద చెయ్యి పెట్టి లేపింది. ఎవరి ముద్ద అని ఎవరూ అనలేదు.

హైమావతి మేడమ్ మా మంచం దగ్గరికి వచ్చింది. నా వివరాల్లో ఇంకా ఒక గడి ఖాళీగా మిగిలిపోయిందట. పెద్ద కళ్ళజోడు పైకి తోసుకుని, "ఒకే పొయ్యి అంటున్నారు కాబట్టి రూలు ప్రకారం మీ రెండిళ్ళూ ఒకే కుటుంబం" అంది. "ఈ పని మూడు రోజుల కిందట చేసుంటే సరిపోయేది కదమ్మా."

"అప్పుడు నీళ్ళున్నాయి మేడమ్" అంది అమ్మ.

అప్పుడే వార్డు తలుపు దగ్గర నాన్న కనిపించాడు. వెనక చిన్నాన్న. పొద్దుటి నుంచీ మండలం ఆఫీసులో అరిచి వచ్చినట్టున్నారు, ఇద్దరి గొంతులూ పోయాయి. నాన్న చేతిలో గ్లూకోజు పొట్లం ఉంది. అది నలిగిపోయింది. సరాసరి నా మంచం దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేశాడు. ఎన్నికేదీ లేకపోయినా వచ్చాడు.

మేడమ్ వేలు ట్యాబ్ మీద ఉంచి అడిగింది. "మీరు ఈ పిల్లకి ఏమవుతారు?"

"పెదనాన్నని" అన్నాడు నాన్న.

అమ్మ నుదురు కొట్టుకుంది. చిన్నాన్న అన్న వైపు తిరిగి, "ఇంకా ఎందుకన్నా?" అన్నాడు మెల్లిగా. నాన్న తను అన్నమాట తనకే అప్పుడు వినపడినట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"కాదు, కాదు మేడమ్. నాన్నని. దీని నాన్నని. అలవాటులో..."

"నొక్కేశానండీ" అంది మేడమ్ నిజంగానే బాధపడుతూ. "ఒకసారి నొక్కితే మార్చడం కుదరదు. వచ్చే లెక్కల్లో చెప్పండి."

"అదెప్పుడు?"

"పదేళ్ళకి."

నాన్న మంచం కోడు పట్టుకున్నాడు. మూడు ఎన్నికలు ఓడినప్పుడు కూడా ఆయన మొహం అలా ఉండటం నేను చూడలేదు. మామూలుగా అయితే నేను నేలవైపు చూసేదాన్ని. కాని మంచం మీద పడుకుని ఉన్నాను, నేల కనబడదు. ఆయన మొహమే కనబడుతోంది.

"నాన్నా!" అన్నాను.

గట్టిగానే వచ్చింది. రోగులు తల తిప్పి చూశారు. నర్సమ్మ చూసింది. నాన్న ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ కిటికీలోంచి బయటికి చూశాడు, జీపేమైనా ఉందేమోనని. ఉంది. నిజంగానే ఉంది. దాని వెనక భాగంలో మా ఊరి బోర్డు పీకి పడేసి ఉంది, తాటిగెడ్డ అన్న అక్షరాలు పైకి.

ఆయన జీపుని చూశాడు. నన్ను చూశాడు.

"ఏటమ్మా?" అన్నాడు, జీపులోవాళ్ళకి కూడా వినపడేలా.

ఇన్నేళ్ళూ పిలవడం వరకే అనుకుంటూ వచ్చాను. పలికాక ఏం చెప్పాలో ఎప్పుడూ అనుకోలేదు.

"గంజిలో ఉప్పు తక్కువైంది" అన్నాను.